ఎడమ ఫుట్‌బోర్డు

నట్లూ బోల్టులూ అమ్మేవాడి కొట్లో సరుకు రెండే రకాలు. చేత్తో లెక్కపెట్టి ఇచ్చేది ఒకటి, తూచి లెక్క తేల్చేది ఇంకొకటి. పెద్ద బోల్టులను ఒక్కొక్కటిగా ఎంచి ఇస్తారు. చిన్న స్క్రూలను ఎంచుతూ కూర్చుంటే తెల్లారుతుంది కాబట్టి, వంద తూచి, ఆ తూకాన్ని బట్టి డబ్బాలో ఎన్ని ఉన్నాయో చెప్పేస్తారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని చేస్తున్న షావుకారు తన సంసారాన్ని కూడా అలాగే తూచి పెట్టుకున్నాడు. వారానికి నూట అరవై ఎనిమిది గంటలు. కొట్టుకి పోయినవి, నిద్రకి పోయినవి, భార్య పనిచేసే కళ్ళద్దాల దుకాణానికి పోయినవి, ఒకే ఇంట్లో ఉండి చెరో గదిలో గడిచినవి అన్నీ తీసేస్తే, ఇద్దరూ ఒకరికొకరు మిగిలేవి నాలుగంటే నాలుగు. ఆదివారం పొద్దున ఆరు నుంచి పది దాకా.

ఆ నాలుగు గంటలూ బండి మీదే గడిచేవి. పొడుగ్గా, నేలబారుగా, సోఫా లాంటి సీటుతో ఉండే క్రూజర్ బండి అది. కాళ్ళు ముందుకు చాపి పెట్టుకోవడానికి అటొకటి ఇటొకటి పీటల్లాంటి ఫుట్‌బోర్డులు. ఊరు దాటగానే కొండ దారి. ఎక్కేటప్పుడు నలభై ఒక్క మలుపులు, పైన టీ కొట్టు, దిగేటప్పుడు మళ్ళీ నలభై ఒకటి. హెల్మెట్లు, గాలి, ఇంజను చప్పుడు మధ్య మాటలేమీ ఉండేవి కావు. అయినా పన్నెండేళ్ళలో వాళ్ళు మానేసిన ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పోయిన ఆదివారం ఇరవై ఏడో మలుపులో, అది ఎడమ మలుపు, బండి కింద ఏదో గట్టిగా రోడ్డుకి పట్టుకుంది. వెనక చక్రం ఎగిరి జానెడు పక్కకి పడింది. షావుకారు బండిని నిటారుగా లేపి, ఏమీ జరగనట్టే ముందుకు పోనిచ్చాడు. నిజంగానే అతనికి ఏమీ అనిపించలేదు. గుండె గుభేలుమనాల్సిన చోట, కొట్లో ఖాళీ అర చూసినట్టు అయింది, అంతే. పైకి వెళ్ళాక భార్య టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. టీ చల్లారింది. గ్లాసు తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"ఈ బండి బాగు చేయించండి. లేకపోతే ఇక నేనెక్కను," అంది.

ఆవిడ ఒక మాట రెండోసారి అనే మనిషి కాదు. ఆవిడ ఎక్కకపోతే ఆ నాలుగు గంటలూ పోతాయి. పోతే మిగిలేది సున్నా. ఆ లెక్కకి తూకం కూడా అక్కర్లేదు.

సోమవారం కొట్టు తెరవకముందే బండిని బావమరిది షెడ్డుకి తోలుకెళ్ళాడు. భార్యకి చిన్నాన్న కొడుకు. బండ్ల షాకబ్సార్బర్లు, ఫోర్కులు బాగుచేయడంలో చేయి తిరిగినవాడు. నడిస్తే మడమలు నేలకి ఆననట్టు ఎగిరెగిరి నడుస్తాడని వీధిలో అందరూ వాణ్ణి స్ప్రింగు అంటారు. షెడ్డు షావుకారు కొట్టుకి నాలుగు వందల అడుగుల దూరం. అవి షావుకారు ఎప్పుడో వేసి చూసుకున్న అడుగులు.

స్ప్రింగు బండిని బల్ల మీదికి ఎక్కించి పైకి లేపాడు. కిందికి వంగి చూశాడు. చాలాసేపు లేవలేదు.

"బావా, ఇలా రా."

షావుకారు వంగాడు. కుడి ఫుట్‌బోర్డు అంచు కాస్త గీసుకుపోయి ఉంది. ఎడమది చూస్తే నేలకి రాసుకుని ముందుగా అరగడానికి అడుగున బిగించే అరుగుడు బోల్టు తల మొత్తం మాయమైంది. దాని వెనక బోర్డు అంచు అద్దంలా మెరుస్తోంది. బోర్డుని పట్టి ఉంచే బ్రాకెట్టు మీద కొత్తగా తీసిన నాగటి చాలులాంటి గాడి ఉంది.

"ఈ బోర్డు ఎందుకు మడుచుకుంటుందో తెలుసా నీకు?" అన్నాడు స్ప్రింగు, దాన్ని వేలితో పైకి లేపి వదులుతూ.

"మడుచుకోవాలని పెట్టారు కాబట్టి."

"అబ్బో, ఏం చెప్పావు! మలుపులో బండి వంగితే ముందు నేలకి తగిలేది ఇదే. తగిలి మడుచుకుని నీ పాదాన్ని పైకి నెడుతుంది. ఇంక వంచకురా నాయనా అని చెబుతుందన్నమాట. అది విన్నావా, సరే. వినకుండా ఇంకా వంచావా, తర్వాత తగిలేది ఈ బ్రాకెట్టు. ఇది మడుచుకోదు. బండినే ఎత్తి అవతల పడేస్తుంది. నిన్న అదే జరిగింది. మరి బోర్డు ఇంత అరిగేదాకా నీ కాలికి తెలియలేదా?"

"తెలిసింది. అలవాటైపోయింది."

"ఇది అలవాటయ్యేది కాదు బావా. చెప్పులో రాయి అలవాటవుతుందా?"

బండిని ఎంత ఎత్తవచ్చో చెప్పు, అన్నాడు షావుకారు. బేరం పక్కదారి పట్టినప్పుడు సరుకు మీదికి తిప్పడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

సంగతేమిటంటే, షావుకారు ఎడమ పాదం అనే సరుకు ఎప్పుడో పాడైంది. పదకొండేళ్ళుగా షుగరు. రెండేళ్ళ కింద బొటనవేలు మొద్దుబారింది. తర్వాత నాలుగు వేళ్ళు. తర్వాత పాదంలో పావు, సగం, ముప్పావు. స్నానాల గదిలో గడియ పెట్టుకుని, కొట్లోని స్క్రూ మొనతో అంగుళం అంగుళం పొడిచి చూసుకునేవాడు. తెలిసినచోటు ఎంత, తెలియనిచోటు ఎంత. నెలనెలా తెలియనిచోటు పెరిగేది. దానికి అతను బాధపడలేదు. పాడైన సరుకుని ఎవరి కంటా పడకుండా వెనక అరలోకి తోసేసినట్టు తోసేశాడు. గేరు పడిందో లేదో ఇంజను చప్పుడును బట్టి కనిపెట్టడం నేర్చుకున్నాడు. నడుస్తుంటే పాదం నేలకి ఆనిందో లేదో చూసి తెలుసుకునేవాడు. భార్యకి చెప్పలేదు. చెబితే బండి వద్దంటుంది.

స్ప్రింగు ఈలోగా టేపు తీశాడు. వెనక చక్రం ఇరుసు నుంచి మడ్‌గార్డు మీద తను సుద్దతో గీసిన గీత దాకా కొలిచాడు. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఒకసారి, బండిని దించాక ఒకసారి, షావుకారుని ఎక్కించి ఒకసారి. చివరికి షావుకారు వెనక సగం సగం ఉన్న రెండు సిమెంటు బస్తాలు కూడా వేసి కొలిచాడు.

"మా అక్కని సిమెంటు బస్తాలతో తూచానని దానికి చెప్పకు," అన్నాడు. "ఇదిగో విను. వెనక చక్రం పైకీ కిందికీ ఆడే జాగా మొత్తం తొంభై మిల్లీమీటర్లు. మీరిద్దరూ కూర్చోగానే అరవై ఎనిమిది దిగిపోతోంది. ఎంత మిగిలింది?"

"ఇరవై రెండు."

"ఆ ఇరవై రెండుతో గుంతలు, మలుపులో పెరిగే బరువు, అన్నీ నెగ్గుకు రావాలి. స్ప్రింగులు చచ్చిపోయాయి బావా. నా గురించి కాదు, బండి గురించి."

ఏం చేయాలో వాడే చెప్పాడు. వెనక పాతిక మిల్లీమీటర్లు పొడుగున్న కొత్త షాకబ్సార్బర్లు, బిగువైన స్ప్రింగులు. వెనక మాత్రమే ఎత్తితే బండి ముక్కు కిందికి వాలి మలుపులో తొందరపడుతుంది కాబట్టి ముందు ఫోర్కుల్లో కూడా బిగువైన స్ప్రింగులు, చిక్కటి కొత్త ఆయిలు. ఫుట్‌బోర్డులు రెండూ ఇరవై మిల్లీమీటర్లు పైకి. బండి ఎత్తు పెరిగితే పక్క స్టాండు పొట్టిదైపోయి బండి మరీ వాలిపోతుంది, దానికీ ఒక ముక్క అతకాలి. మొత్తం అయిదు రోజుల పని.

"అప్పుడు బోర్డు నేలకి తగలదా?"

"మీరు వెళ్ళే పద్ధతిలో వెళితే తగలదు. బాగా వంచితే ఎప్పుడైనా తగులుతుంది. కాకపోతే అప్పటికి బండి ఇప్పటికంటే ఎక్కువ వంగి ఉంటుంది. అక్కడ కాలు మాట వినకపోతే సర్దుకోవడానికి టైముండదు. తెలిసిందా?"

"తెలిసింది," అన్నాడు షావుకారు. తెలియని కాలికి కావాల్సింది అసలు తగలని బండే అని అతని లెక్క. తప్పు పట్టడానికి వీల్లేని లెక్క. అందులో కలపని అంకె ఒకటుంది. అది అతనికి తెలియదు.

శనివారం మధ్యాహ్నం స్ప్రింగు కబురు పెట్టాడు. బండి అయిపోయింది, చివరి కొలతకి ఇద్దరూ రావాలి, ఈసారి బస్తాలతో కుదరదు. షావుకారు కొట్టు నుంచి, భార్య కళ్ళద్దాల దుకాణం నుంచి ఒకేసారి షెడ్డుకి చేరారు.

బండి ఎత్తుగా, కాస్త కొత్తమనిషిలా నిలబడి ఉంది.

"అక్కా, బరువెంత?" అన్నాడు స్ప్రింగు, చేతిలో టేపుతో.

"నీకెందుకురా?"

"నాకు కాదు, స్ప్రింగుకి చెప్పాలి."

"అరవై రెండు."

"ఏ సంవత్సరంలో?"

"నోరు మూసుకుని కొలు. లేకపోతే మీ ఆవిడకి ఫోన్ చేస్తాను."

"అమ్మో, అరవై రెండే. ఎక్కండి ఇద్దరూ."

ఎక్కారు. స్ప్రింగు కింద కూర్చుని కొలిచాడు. పెదవి విరిచాడు. వంకీ పానాతో షాకబ్సార్బర్ల బిగువు పెంచే మెడ రింగులను రెండు గుర్తులు తిప్పాడు. దిగండి, ఎక్కండి, మళ్ళీ దిగండి. మూడోసారికి లేచి నిలబడి, "ఇప్పుడు దిగేది ముప్పై ఒకటే. తొంభైలో మూడో వంతు. బండికీ మీకూ ఇంతకంటే మంచి పెళ్ళి కుదరదు," అన్నాడు.

షావుకారు బండి దిగి చుట్టూ తిరిగి చూడసాగాడు. సిమెంటు గచ్చు మీద అతను అడుగేసినప్పుడల్లా టిక్కుమని చప్పుడు. ఒక అడుగు మౌనం, ఒక అడుగు టిక్కు.

"ఏంటి బావా, నాడాలు కొట్టించుకున్నావా? గుర్రం వచ్చినట్టుంది," అని స్ప్రింగు నవ్వాడు.

షావుకారు కూడా నవ్వి ఇంకో అడుగేశాడు. టిక్కు.

భార్య నవ్వలేదు.

"ఆగండి. కదలకండి. కాలు పైకెత్తండి," అంది.

అతను ఎత్తలేదు. ఆవిడే మోకాళ్ళ మీద కూర్చుని, గుర్రం కాలు పట్టినట్టే అతని ఎడమ కాలు పట్టి వెనక్కి మడిచి చూసింది. బూటు అట్ట మధ్యలో స్క్రూ తల, నేలకి రాసుకుని రాసుకుని తళతళలాడుతోంది. పాత టైరు మీద కూర్చోబెట్టి బూటు లాగితే స్క్రూ బూటుతోనే వచ్చింది. మేజోడు పాదానికి అంటుకుపోయింది. అడుగంతా ఎర్రగా, కొంత ఎండి, కొంత తడిగా ఉంది.

షావుకారు బూటు చేతిలోకి తీసుకుని చూశాడు. "ఎనిమిదో నంబరు. ముప్పావు అంగుళం. చదును తల," అన్నాడు.

"ఎవడడిగాడు నిన్ను!" అని అరిచాడు స్ప్రింగు.

ఎవరూ అడగలేదు. అతనికి వేరే మాట తోచలేదు. పొద్దున కొట్లో ఎనిమిదో నంబరు డబ్బా ఒలికింది తొమ్మిదింటికి. ఇప్పుడు ఒంటిగంట. అంటే నాలుగు గంటలు. కొట్టు నుంచి ఇక్కడికి నాలుగు వందల అడుగులు, అందులో ఎడమ కాలి వాటా రెండు వందలు. రెండు వందల సార్లు దిగబడింది. అంకెలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి. నొప్పి మాత్రం రాలేదు. ఆ పాదం ఎవరో కొట్లో మరిచిపోయి వెళ్ళిన సామానులా ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి బావా?" అన్నాడు స్ప్రింగు, గొంతు తగ్గించి.

షావుకారు స్క్రూ తలని బొటనవేలితో తుడిచాడు.

"రెండేళ్ళయి ఉంటుంది," అంది భార్య. "నాకు తెలిసి ఎనిమిది నెలలు."

షావుకారు తలెత్తాడు.

"చెప్పు గుమ్మంలోనే జారిపోయినా చూసుకోకుండా ఒంటి చెప్పుతో ఇల్లంతా తిరిగేవారు. ఒకసారి కాదు, పదిసార్లు. వెనకాలే వచ్చి ఆ చెప్పు తీసి జత కలిపి పెట్టేదాన్ని. అడిగితే ఏమంటారు? చూసుకోలేదంటారు. అందుకే అడగలేదు."

"తెలిసి మరి బండి ఎందుకెక్కావు?" అన్నాడు షావుకారు.

"ఎక్కకపోతే మీరొక్కరే వెళతారు కదా."

స్ప్రింగు చేతులు తుడుచుకునే గుడ్డ ఇచ్చి, నీళ్ళ కోసమని లోపలికి వెళ్ళాడు. అక్కడ నీళ్ళేమీ లేవని ముగ్గురికీ తెలుసు.

"మలుపుల్లో నేను మీ నడుం పక్కన గిల్లేదాన్ని. గుర్తుందా?" అంది ఆవిడ, గుడ్డతో పాదం ఒత్తి పట్టుకుంటూ.

గుర్తుంది. ఈ మధ్య ఆవిడకి పిరికితనం వచ్చిందని, బండి కాస్త వంగితే చాలు గోళ్ళు దింపుతోందని అతను విసుక్కునేవాడు. ఆ విసుగులోనే బండిని కొంచెం నిలబెట్టేవాడు.

"భయపడి కాదు. మీ బోర్డు నేలకి తగిలితే ఆ అదురు నా కాలి కింద ఇనుములోకి వచ్చేది. నాకు తెలిసేది. తెలిసినప్పుడల్లా గిల్లేదాన్ని, మీరు బండి లేపేవారు. అలా ఎనిమిది నెలలు నడిచింది. పోయిన ఆదివారం కంట్లో నలుసు పడింది. చెయ్యి తీసి కన్ను నులుముకున్నాను. అప్పుడే తగిలింది. చెయ్యి పెట్టేలోపే చక్రం లేచిపోయింది." ఆవిడ గుడ్డని ఇంకో మడత వేసి అదిమింది. "అందుకే బండి బాగు చేయించమన్నాను. నా వల్ల కావడం లేదని చెప్పలేక."

షావుకారు లెక్కలో కలపని అంకె అది. బండిని ఎంత ఎత్తినా, పాతికా ఇరవై కలిపి నలభై అయిదు మిల్లీమీటర్లు ఎత్తినా, తన కాలు చేయాల్సిన పని ఇంకో మనిషి చేస్తూ ఉండాల్సిందే. బండి తగలకుండా చేశాక, ఆ మనిషికి కూడా ఇక కబురు అందదు. అందేసరికి ఆలస్యమైపోతుంది. అతను దాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. తేడా రాలేదు.

"రేపు?" అన్నాడు.

"రేపు లేదు," అంది ఆవిడ. "పదండి, డాక్టరు దగ్గరికి."

డాక్టరమ్మ పుండు కడిగి, ఇంజెక్షను ఇచ్చి, కట్టు కట్టింది. ఆరు వారాలు ఆ కాలు మీద బరువు వేయకూడదంది. రోజూ పాదాన్ని అద్దంలో చూసుకోవాలంది. గేర్ల బండి సంగతి అడిగితే, పెన్ను మూత పెడుతూ, "ఆరు వారాల తర్వాత కూడా వద్దు. ఆ నరాలు తిరిగొస్తాయని నేను చెప్పను," అంది. షావుకారు తలూపాడు. సరుకు రాదని కంపెనీవాడు ఫోన్లో చెబితే ఎలా తలూపుతాడో అలాగే ఊపాడు.

ఆదివారం ఆరింటికి ఇద్దరూ అలవాటు కొద్దీ లేచి కూర్చున్నారు. చేయడానికి ఏమీ లేదు. వీధిలో బండి చప్పుడైంది. స్ప్రింగు వచ్చాడు.

"ఇద్దరి బరువుకి బిగించిన బండి బావా. ఒక్కణ్ణే తిప్పితే నా పని తెలియదు. అక్కని పంపించు, కొండ ఎక్కి వస్తాం."

ఆవిడ మొగుడి వైపు చూసింది. వెళ్ళు, అన్నాడు అతను. ఆవిడ హెల్మెట్ తెచ్చుకుంది. సీటు ఎత్తు పెరిగింది కదా, ఎక్కడానికి తమ్ముడి భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

షావుకారు వరండాలో కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని గడియారం చూశాడు. ఆరుంబావుకి ఊరు దాటుతారు. ఆరున్నరకి మొదటి మలుపు. ఇరవై ఏడో మలుపు ఏడు దగ్గర. ఏడయింది. ఏడూ అయిదయింది. అతనికి ఆదుర్దా కలగాలి. కలుగుతుందేమోనని కాసేపు చూశాడు. పక్కింటి పంపు నీళ్ళు బకెట్లో పడుతున్న చప్పుడు వింటూ ఉండిపోయాడు.

తొమ్మిదింబావుకి వచ్చారు.

"ఎలా ఉంది?"

"బాగుంది," అంది ఆవిడ హెల్మెట్ తీస్తూ. చెంపలు గాలికి ఎర్రబడి ఉన్నాయి.

"ఎంత బాగుంది?"

ఆవిడ అబద్ధం చెప్పలేదు. "ఒక్కచోట కూడా తగల్లేదు. గుంతల్లో నడుం అదరలేదు. కొండ మీంచి అంత దూరం కనబడుతుందని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. ఎప్పుడూ కింద ఇనుము మీదే ధ్యాసుండేది."

"చూశావా నా పని!" అన్నాడు స్ప్రింగు. ఎవరూ నవ్వకపోయేసరికి తాళంచెవి స్టూలు మీద పెట్టబోయాడు.

"అది నీ దగ్గరే ఉంచు," అన్నాడు షావుకారు. "బండి కూడా. నెలకోసారైనా మీ అక్కని పైకి తీసుకెళ్ళు. కాగితాలు రేపు పంపిస్తాను."

"బావా, తొందరపడకు. ఆరు వారాలు పోనీ..."

"ఆరు వారాల తర్వాత ఏం మారుతుంది? ఇప్పుడు బండి బాగుంది. బాగున్నప్పుడే చేతులు మారాలి."

స్ప్రింగు తాళంచెవి జేబులో వేసుకుని, ఎగరకుండా మామూలుగా నడుచుకుంటూ వెళ్ళి బండి ఎక్కాడు. చప్పుడు వీధి చివర మలుపు తిరిగి ఆగిపోయింది.

తొమ్మిదిన్నర. పది దాకా ఇంకా అరగంట ఉంది.

ఆవిడ లోపలికి వెళ్ళి చేతి అద్దం, ఒక బాల్‌పెన్ను తెచ్చి అతని కాళ్ళ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. కట్టు తీయలేదు. కట్టు పైన చీలమండ దగ్గర వేలితో నొక్కింది.

"కళ్ళు మూసుకోండి. నిజం చెప్పాలి. ఇక్కడ తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు."

వేలు పైకి జరిగింది. "ఇక్కడ?"

అతనికి అవునని చెప్పాలనిపించింది. "లేదు," అన్నాడు.

"ఇక్కడ?"

"ఏదో... దుప్పటి మీంచి తాకినట్టుంది."

"ఇక్కడ?"

"తెలుస్తోంది."

ఆవిడ అక్కడ పెన్నుతో పిక్క చుట్టూ నీలం గీత గీసింది. చర్మం మీద పెన్ను సరిగ్గా సాగకపోతే ఆగి, నోటి ఆవిరి పట్టించి, మళ్ళీ గీసింది. తర్వాత చీలమండ ఎముక నుంచి గీత దాకా నాలుగేసి వేళ్ళు ఆనిస్తూ బెత్తెలు వేసి చూసింది. బెత్తెడున్నర. కేలెండరు దించి ఆ రోజు గళ్ళో రాసుకుంది.

"వచ్చే ఆదివారం మళ్ళీ చూద్దాం," అంది. "గీత దాటి పైకి పోయిందో లేదో."

"ఎన్నింటికి?" అన్నాడు షావుకారు.

"ఆరింటికే," అంది.